శిబిరంలో బొగ్గుల గ్రిల్‌పై రోస్ట్: ఉష్ణ ప్రసారం, ఆహార భద్రత

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• పెద్ద మాంసపు ముక్కను నిప్పుల మీద కాకుండా నిప్పుల పక్కన ఎందుకు ఉడికించాలో వివరించగలుగుతారు.
• గ్రిల్ మూత, గాలి రంధ్రాలు చేసే పనిని చెప్పగలుగుతారు.
• మాంసం సురక్షితంగా ఉడికిందో లేదో నిర్ధారించగలుగుతారు.
• బొగ్గు నిప్పుల వల్ల గుడారంలో కలిగే ప్రాణాపాయాన్ని గుర్తించి, నివారించగలుగుతారు.

1. పరిచయం

మన హోటళ్లలో 'చికెన్ రోస్ట్' అంటే మసాలా పట్టించి పెనం మీద వేపిన ముక్కలు. ఈ పాఠంలో రోస్ట్ అంటే అది కాదు. కోడినిగాని, మేక తొడనుగాని ముక్కలు కొట్టకుండా, నీరు పోయకుండా, చుట్టూ ఉన్న పొడి వేడిలో నిదానంగా ఉడికించడాన్ని రోస్ట్ చేయడం అంటారు. ఇంట్లో ఈ పనికి ఓవెన్ వాడతారు. శిబిరంలో మూత ఉన్న చిన్న బొగ్గుల గ్రిల్‌నే ఓవెన్‌గా మార్చుకోవాలి.

మూత ఉన్న గుండ్రని గ్రిల్‌ను 1952లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జార్జ్ స్టీఫెన్ రూపొందించాడు. అతడు పనిచేసే లోహపు కర్మాగారంలో నీటిపై తేలే బోయాలు తయారయ్యేవి. అలాంటి గోళాన్ని రెండుగా చేసి, ఒక సగాన్ని పొయ్యిగా, మరో సగాన్ని మూతగా వాడాడు. మూత చేరడంతో కాల్చే పొయ్యి, ఓవెన్‌లా ఉడికించే పొయ్యి కూడా అయింది.

2. వేడి మాంసంలోకి ఎలా చేరుతుంది?

గ్రిల్‌లో మూడు రకాల ఉష్ణ ప్రసారాలూ జరుగుతాయి. నిప్పుల నుంచి నేరుగా తగిలే సెగ ఉష్ణవికిరణం. మూత కింద తిరిగే వేడి గాలి వల్ల జరిగేది ఉష్ణసంవహనం. మాంసం పైపొర నుంచి లోపలికి వేడి పాకడం ఉష్ణవహనం.

వీటిలో మూడోది చాలా నెమ్మది. మాంసం మందం రెట్టింపైతే, వేడి నడిమధ్యకు చేరడానికి సుమారు నాలుగు రెట్ల సమయం పడుతుంది. 2 సెంటీమీటర్ల కబాబు ముక్క పది నిమిషాల్లో ఉడుకుతుంది. అంతే సెగపై 8 సెంటీమీటర్ల ముక్కను పెడితే, లోపల ఉడికేలోగా పైభాగం మాడి బొగ్గవుతుంది. మంట పెంచితే వంట త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. మంట పెంచితే పైపొర త్వరగా మాడుతుందే తప్ప, లోపలికి వేడి వెళ్లే వేగం పెద్దగా పెరగదు.

3. నిప్పుల అమరిక

(అ) బొగ్గులపై తెల్లని బూడిద పొర ఏర్పడే వరకు, అంటే సుమారు 20 నిమిషాలు, రాజనివ్వాలి. కిరోసిన్ పోయకూడదు, ఆ వాసన మాంసానికి పడుతుంది.

(ఆ) నిప్పులను ఒక పక్కకు చేర్చాలి. రెండో పక్క అడుగున కొద్దిగా నీరు పోసిన లోతైన పళ్లెం పెట్టి, దానిపై వచ్చేలా జాలీ మీద మాంసాన్ని ఉంచాలి. కారే కొవ్వు నిప్పుల్లో పడకుండా పళ్లెంలో పడుతుంది. పొగ, మంట లేవవు. సగం సమయం గడిచాక మాంసాన్ని రెండో వైపు తిప్పాలి.

(ఇ) మూత పెట్టాలి. అడుగు రంధ్రం గాలిని లోపలికి తెస్తుంది, పై రంధ్రం పొగను బయటికి పంపుతుంది. వేడి ఎక్కువైతే అడుగు రంధ్రాన్ని కొంత మూయాలి, తగ్గితే తెరవాలి. లోపల 160 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు.

(ఈ) చిన్న గ్రిల్‌లో బొగ్గు తక్కువ పడుతుంది. అందువల్ల అరగంటకో, నలభై నిమిషాలకో రాజిన నిప్పులు మరికొన్ని చేర్చాలి. ఊరికే మూత తీసి చూడకూడదు. తీసిన ప్రతిసారీ లోపలి వేడి పోతుంది.

దమ్ బిరియానికి హండీ కింద, మూతపై నిప్పులు పెట్టడం మీకు తెలిసిందే. అక్కడ కూడా వేడి చుట్టూ నుంచి అందుతుంది. అయితే దమ్‌లో మూతను పిండితో అంటించి ఆవిరిని బంధిస్తారు. అది తడి వేడి. రోస్ట్‌లో ఆవిరి బయటికి పోవాలి. పైపొర ఆరితేనే ఎరుపెక్కి కమ్మని వాసన వస్తుంది. సుమారు 140 డిగ్రీలు దాటాక వేగంగా జరిగే ఈ మార్పును మెయిలార్డ్ చర్య అంటారు. అందుకే మాంసాన్ని గ్రిల్‌పై పెట్టేముందు గుడ్డతో తడి అద్దాలి.

4. ఉడికిందని ఎలా తెలుస్తుంది?

ఒకటిన్నర కిలోల కోడికి సుమారు గంట నుంచి గంటంపావు పడుతుంది. కాని ఆరుబయట గాలి, చలి ఈ లెక్కను మార్చేస్తాయి. రంగు చూసి, గడియారం చూసి నిర్ణయించకూడదు. మాంసపు థర్మామీటరును ఎముకకు తగలకుండా, బాగా మందంగా ఉన్న చోట గుచ్చి చూడాలి. అమెరికా వ్యవసాయ శాఖ సూచించిన కనీస ఉష్ణోగ్రతలు ఇవి:

• కోడి: 74 డిగ్రీలు
• మేక, గొర్రె మాంసపు పెద్ద ముక్క: 63 డిగ్రీలు, ఆపై 3 నిమిషాల విరామం
• మేక, గొర్రె కైమా: 71 డిగ్రీలు

63 డిగ్రీలు భద్రతకు సరిపోతుంది. ముదురు మాంసం మెత్తబడడానికి మాత్రం చాలదు. అందులోని కొల్లాజెన్ కరగాలంటే అంతకంటే ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావాలి. కాబట్టి మొదటిసారి చేసేవారికి కోడి అనువైనది.

పచ్చి మాంసాన్ని వండే వరకు ఐసుపెట్టెలో 4 డిగ్రీలకు మించకుండా ఉంచాలి. పచ్చిదైనా, వండినదైనా బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. మన వేసవిలో ఈ గంట నియమమే వర్తిస్తుంది. పచ్చి మాంసానికి వాడిన కత్తిని కడగకుండా వండినదానికి వాడకూడదు.

5. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం

ఈ పాఠంలో మరేది మరచినా ఈ విభాగాన్ని మరవకండి. వంట అయ్యాక చలికి తట్టుకోలేక గ్రిల్‌ను గుడారంలోకి తెచ్చుకుని, నిద్రలోనే ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నారు. మంట, పొగ కనిపించకపోయినా నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతూనే ఉంటుంది. దానికి రంగు, వాసన ఉండవు. అది హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. దానితో శరీరానికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదటి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఇవి తెలియవు. గుడారం తలుపు తెరిచి ఉంచినా రక్షణ ఉండదు. వాన పడుతున్నా సరే, గ్రిల్‌ను గుడారంలోకిగాని, కారులోకిగాని తేకూడదు. ఎవరికైనా ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి తీసుకువచ్చి, 108కి ఫోన్ చేయాలి.

చివరగా నిప్పులపై నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, పూర్తిగా చల్లారాయని నిర్ధారించుకోవాలి. రిజర్వ్ అడవుల్లో నిప్పు రాజేయడం అటవీ చట్టం ప్రకారం నేరం. అనుమతి ఉన్న శిబిర స్థలాల్లోనే వండాలి.

6. సారాంశం

పెద్ద ముక్కకు కావలసింది మంట కాదు, సమయం. నిప్పులు పక్కన, మూత పైన, థర్మామీటరు చేతిలో ఉండాలి. నిప్పు ఎప్పుడూ గుడారం బయటే ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మాంసం మందం 3 సెంటీమీటర్ల నుంచి 6 సెంటీమీటర్లకు పెరిగితే, ఉడికే సమయం సుమారు ఎన్ని రెట్లు అవుతుంది? ఎందుకు?
2. దమ్ పద్ధతికి, రోస్ట్ పద్ధతికి గల పోలికలను, భేదాలను రాయండి.
3. పొగ రాని నిప్పులు కూడా గుడారంలో ఎందుకు ప్రమాదకరమో వివరించండి.