గామా విస్ఫోటనం - దాని అనుకాంతి

మానవ నేత్రమునకు గోచరించే వెలుగు ప్రకృతిలోని వెలుగులో అత్యల్ప భాగం మాత్రమే. రేడియో తరంగాలు, పరారుణ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్-కిరణాలు, గామా కిరణాలు - ఇవన్నీ ఒకే జాతికి చెందినవి, భేదం తరంగదైర్ఘ్యంలోనే. ఒక ఖగోళ సంఘటనను ఏదో ఒక్క తరంగదైర్ఘ్యంలో చూచి తీర్పు చెప్పరాదని బోధించిన ఉదంతం 2003లో జరిగింది. అందులో భారతీయ వేధశాలలకు కూడ పాత్ర కలదు.

గామా విస్ఫోటనం అనగానేమి? మహానక్షత్రమొకటి ఇంధనం అడుగంటి, దాని గర్భం కుప్పకూలినప్పుడు, రెండు వైపులకు సన్నని పదార్థధారలు దాదాపు కాంతివేగంతో వెలువడతాయి. ఆ ధార మనవైపు ఉన్నచో కొన్ని సెకన్లపాటు గామా కిరణాలు మెరుస్తాయి. రెండు సెకన్లకు మించి నిలిచే విస్ఫోటనాలలో అధికభాగం ఈ తీరువే. అణుపరీక్షలను పసిగట్టుటకు అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలు 1967లో మొదటిసారి ఇట్టి మెరుపును నమోదు చేసినవి. 1973లో ఆ సంగతి లోకానికి వెల్లడైనది. కాని మెరుపు క్షణాలలో మాయమగుట వలన దాని జన్మస్థానం చాలాకాలం తెలియలేదు. 1997 ఫిబ్రవరి 28 నాటి విస్ఫోటనానికి పిమ్మట మిగిలిన ఎక్స్-కిరణాలను బెప్పోశాక్స్ ఉపగ్రహం కనుగొన్నది. అదే చోట దృశ్యకాంతి కూడ కనిపించినది. ఈ మిగులు వెలుగునే 'అనుకాంతి' అందాము.

అనుకాంతి ఎట్లు పుట్టును? వేగంగా దూసుకొనిపోయే ధార, చుట్టూ ఉన్న పలుచని వాయువును ఢీకొంటుంది. ఆ ఘాతం వలన శక్తి పొందిన ఎలక్ట్రానులు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ కాంతిని వెదజల్లుతాయి. ధార వేగం తగ్గినకొద్దీ ఆ వెలుగు ఎక్స్-కిరణాల నుండి దృశ్యకాంతికి, అందుండి రేడియో తరంగాలకు దిగుతుంది. కమ్మరి కొలిమి నుండి తీసిన ఇనుము తెల్లగా మెరిసి, ఎర్రబడి, చివరకు నల్లబడిన తరువాత కూడ వేడిగానే ఉండును గదా! రెంటి భౌతిక కారణాలు వేరైనను, కంటికి ఆరినది నిజంగా ఆరలేదన్న సత్యం రెంటికీ సమానమే.

2003 మార్చి 29న, మన కాలమానం ప్రకారం సాయంత్రం 5 గంటల 7 నిమిషాలకు, హెటి-2 అను ఉపగ్రహం ఒక ప్రకాశవంతమైన విస్ఫోటనాన్ని గుర్తించినది. దాని వెలుగు మనలను చేరుటకు సుమారు 200 కోట్ల సంవత్సరాలు పట్టినది. విశ్వం కొలతలలో ఇది సమీపమే! కొద్ది దినములలో ఆ వెలుగులోనే బృహన్నవ్య నక్షత్ర లక్షణాలు కనిపించి, ఇట్టి విస్ఫోటనాలు మహానక్షత్రాల మరణమేనని రూఢి అయినది.

అసలు విశేషం వేరే ఉన్నది. అనుకాంతి ఎప్పుడు హఠాత్తుగా వేగంగా క్షీణింపనారంభించునో, దానినిబట్టి ధార వెడల్పును లెక్కింపవచ్చు. దృశ్యకాంతిలో ఆ మార్పు అర్ధదినం గడవగానే వచ్చినది. అనగా ధార సుమారు 5 డిగ్రీల సన్ననిది. రేడియో తరంగాలలో మాత్రం సుమారు పది దినములకు గాని రాలేదు. అనగా ధార సుమారు 17 డిగ్రీల వెడల్పుది. ఏది నిజం? రెండూ నిజమేనని, సన్నని వేగవంతమైన ధారను మందగమనముగల వెడల్పు ధార ఆవరించి ఉన్నదని, శక్తిలో అధికభాగం వెడల్పు ధారలోనే ఉన్నదని శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. దృశ్యకాంతిని మాత్రమే చూచినవారికి అందులో పెద్ద వాటా లెక్కలోనికే రాదు.

ఈ ప్రతిపాదనను పరీక్షించిన వారిలో మనవారు ఉన్నారు. పూనా జిల్లా ఖోడద్ వద్ద, ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసముగల 30 గిన్నెలతో నిర్మితమైన మహా రేడియో దూరదర్శిని, నైనీతాల్‌లోని 104 సెంటీమీటర్ల దూరదర్శిని, లడఖ్‌లోని హాన్లేలో 2 మీటర్ల దూరదర్శిని ఆ అనుకాంతిని వెంబడించినవి. ఆ ఫలితాలు 2005లో ప్రచురితమైనవి. భూమి తిరుగుచున్నందున ఏ ఒక్క దేశమూ ఒక నక్షత్రాన్ని నిరంతరం చూడజాలదు. తూర్పు ఆస్ట్రేలియాకు, పశ్చిమాన కేనరీ దీవులకు నడుమ విశాల ప్రదేశంలో మన దేశం ఉన్నది. మనం చూడని రాత్రిలో కొంత సమాచారం ప్రపంచానికే శాశ్వతంగా నష్టం.

ఇట్టి సహకారం మనకు క్రొత్త కాదు. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం రాజ్యంలో ఉన్న కాలముననే, నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదున నెలకొల్పిన వేధశాల, అనంతరం నిజామియా వేధశాలగా ప్రసిద్ధమై, అనేక దేశాలు ఆకాశాన్ని పంచుకొని సాగించిన నక్షత్ర ఛాయాచిత్ర పట్టిక నిర్మాణంలో తన వంతు నెరవేర్చినది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ఎగిరిన ఆస్ట్రోశాట్ కొలదిదినములకే, అక్టోబరు 6న, ఒక గామా విస్ఫోటనాన్ని నమోదు చేసినది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థులారా! ఈ శాస్త్రానికి భౌతికశాస్త్రం, గణితం, ఎలక్ట్రానిక్స్ మూడూ కావలెను. ఇవి మన తరగతి గదులలోనే ఆరంభమగును. గణితం తెలిసినవాడు అనుకాంతి క్షీణత నుండి ధార వెడల్పును లెక్కింపగలడు. ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడు ఆ క్షీణ సంకేతాన్ని పట్టగలడు. తదుపరి సమీప విస్ఫోటనం ఏ సాయంకాలం వచ్చునో ఎవరికీ తెలియదు. ఆనాడు దానిని వెంబడించువారిలో మీరును ఉండవలెను.