దీపమూ, చీకటీ, కోడిగుడ్డూ

పళని, ఉడుమలైపేట, పల్లడం ప్రాంతాలలో కోళ్ళను పెంచే మనవారికి ఒక సంగతి అనుభవంలో ఉన్నదే. గుడ్లపెట్టలున్న షెడ్డులో పొద్దుగుంకిన తరువాత కూడా దీపాలు వెలగాలి. పళనిలో పగలు ధనుర్మాసంలో సుమారు 11½ గంటలు, జూన్ నెలలో 12¾ గంటలు. పెట్టకు కావలసిన వెలుగు సుమారు 16 గంటలు. ఆ లోటును దీపం పూరిస్తుంది. అయితే పగలు పొడుగైతే గుడ్డు ఎందుకు రావాలి? రాత్రంతా దీపం ఉంచితే ఇంకా మేలు కాదా? జవాబు పక్షి తలలోనే ఉన్నది.

పుర్రె క్రింద, పెద్దమెదడుకూ చిన్నమెదడుకూ నడుమ పీనియల్ అనే చిన్న గ్రంథి ఉంది. మనుష్యులలో దానికి వెలుగు కబురు కంటి ద్వారానే చేరాలి. పక్షిలో అలా కాదు. పలుచని పుర్రెగుండా వచ్చే వెలుగును ఆ గ్రంథి తానే పసిగడుతుంది. చీకటి పడితే మెలటోనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది, వెలుగు వస్తే ఆపుతుంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ దీనిని పశువుల గ్రంథుల నుండి వేరుచేశాడు. రాత్రి ఎంత పొడుగో మెలటోనిన్ అంతసేపు ఉంటుంది. అంటే ఇది రాత్రిని కొలిచే కుంచం.

ఇక సంతానం మాట. మెదడు ఆజ్ఞ ఇస్తే పిట్యూటరీ గ్రంథి హార్మోనులను పంపుతుంది. వాటి ప్రేరణతో పుంజు వృషణాలలో టెస్టోస్టిరాన్, పెట్ట అండాశయంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే స్టిరాయిడ్లు తయారవుతాయి. ఈస్ట్రోజెన్ వల్లనే కాలేయం పచ్చసొనకు సరుకు సిద్ధం చేస్తుంది. పెంకుకు కావలసిన సున్నం ఎముకలలో నిలవ చేరుతుంది.

2000లో జపానులో కజుయోషి త్సుత్సుయి బృందం కౌజుపిట్ట మెదడులో ఈ ఆజ్ఞకు అడ్డుకట్ట వేసే హార్మోనును కనుగొన్నది. మెలటోనిన్ ఆ అడ్డుకట్టను బలపరుస్తుందని 2005లో తేలింది. మన గోరువంకకు చుట్టమైన ఐరోపా స్టార్లింగు వృషణాలలోనూ మెలటోనిన్ టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తుందని 2011లో చూశారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చందనా హల్దార్ గారు అడవి కౌజులను పరిశీలించి, పీనియల్ చురుకైన కాలంలో బీజకోశాలు అణగి ఉంటాయని చూపారు.

అయితే పీనియల్ ఒక్కటే సర్వాధికారి అనుకోరాదు. కౌజులలో దానిని తీసివేసినా పగటి పొడుగును గుర్తించే శక్తి పోలేదు. వెలుగును పసిగట్టే కణాలు మెదడు లోతుల్లో వేరే ఉన్నాయి. మన కొండ పరిసరాల నెమళ్ళవంటి పక్షులకు వానా, మేతా కూడా ముఖ్యమే.

ఇందులో రైతుకు పనికివచ్చే మాటలు మూడు. ఇంకా గుడ్లకు రాని పెట్టలకు వెలుగు పెంచరాదు. ఒళ్ళు ఎదగక ముందే గుడ్లకు వస్తే గుడ్డు చిన్నదవుతుంది, గర్భసంచి జారే ప్రమాదమూ ఉంది. గుడ్లు పెడుతున్న పెట్టలకు వెలుగు తగ్గించరాదు. 16 గంటలు దాటిన దీపం కరెంటు ఖర్చే తప్ప గుడ్లు పెంచదు. తక్కిన 8 గంటలూ చీకటి ఉండాలి.

మసక దీపమే కదా అని ఉపేక్షించవద్దు. జర్మనీలో రాత్రిళ్ళు అతి మసక వెలుగులో ఉంచిన నల్లపిట్టలకు, చీకటిలో ఉంచినవాటికంటే దాదాపు నెల ముందే జననాంగాలు పెరిగాయని 2013లో ప్రకటించారు. కాలం కాని కాలంలో పిల్లలు పుడితే వాటికి పురుగూ పుట్రా ఎక్కడ దొరుకుతాయి? కనుక పండుగలకు చెట్లకు చుట్టిన రంగుదీపాలను కూడా పూజ ముగిశాక ఆర్పివేయడం మంచిది. గూటిలోని పిట్టకు రాత్రి రాత్రిగానే ఉండాలి.