చేతులు మారిన రాజాం

గోనె సంచి, బీరు సీసా, బ్యాంకు, విమానాశ్రయం, పంచదార... ఈ ఊరి నుంచి బయల్దేరిన వ్యాపారాల వెంట వెళ్తే దేశంలో పోటీ చట్టం ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. ఎక్కడ ఆగిపోయిందో కూడా.

రాజాం అనగానే బొబ్బిలి కథ తెలిసినవాళ్లు తాండ్ర పాపారాయుణ్ణి తలుస్తారు. వ్యాపార వార్తలు చదివేవాళ్లు జీఎంఆర్ అంటారు. గ్రంధి మల్లికార్జునరావు పుట్టిన ఊరు ఇదే. 1978లో జూట్ మిల్లుతో మొదలుపెట్టి పంచదార, బీరు, బ్యాంకు, కరెంటు, రోడ్లు, విమానాశ్రయాల దాకా వెళ్లారాయన. ఆ విజయగాథ ఇప్పటికే చాలాసార్లు అచ్చయింది, మళ్లీ ఎత్తుకోనక్కర్లేదు. ఆయన సంస్థ అమ్మేసినవాటి సంగతే అంతకన్నా ఆసక్తికరం. ఒక్కో అమ్మకం ఒక్కో కాలంలో జరిగింది. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటుంటే ప్రభుత్వం ఎప్పుడు అడ్డుపడి అడిగింది, ఎప్పుడు చూస్తూ ఊరుకుంది అన్నది ఆ అమ్మకాల్లోనే దొరుకుతుంది.

ముందు గోనె సంచి

ఉత్తరాంధ్ర మెట్ట పొలాల్లో గోగునార పాత పంట. కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరబెట్టి, ఆ కంపు నీళ్లలో నిలబడి నార ఒలిచి, ఉతికి, దండేల మీద ఆరేస్తే గానీ చేతికి డబ్బు రాదు. ఆ నార కోసమే రాజాంలోనూ, బొబ్బిలి, సాలూరు, నెల్లిమర్లల్లోనూ మిల్లులు వెలిశాయి. సంచి ఇక్కడ నేసినా దాని ధర తేలేది మాత్రం కోల్‌కతాలో. అక్కడి గన్నీ ట్రేడ్ అసోసియేషన్ రోజువారీ ధరల పట్టీ విడుదల చేసేది. బేరాలన్నీ ఆ పట్టీ చుట్టూ తిరిగేవి.

పంచదార మిల్లులకు ఇది మింగుడు పడలేదు. ధాన్యం, పంచదారల్లో ఇంత వాటా జనపనార సంచుల్లోనే నింపాలని 1987 నాటి చట్టం చెబుతుంది. కొనక తప్పని సరుకు, పైగా అమ్మేవాళ్లంతా ఒకే ధర. 2011లో ఇండియన్ షుగర్ మిల్స్ అసోసియేషన్ మరికొందరితో కలిసి కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, అంటే సీసీఐ, తలుపు తట్టింది. పంచదారకు వాడే ‘ఏ-ట్విల్’ రకం సంచి ధరను గన్నీ ట్రేడ్ అసోసియేషన్, ఇండియన్ జూట్ మిల్స్ అసోసియేషన్ కలిసి కట్టేస్తున్నాయన్నది ఫిర్యాదు. ఆ పట్టీ ఉన్న ధరను చెప్పడం లేదు, ఉండాల్సిన ధరను ఖాయం చేస్తోందని 2014 అక్టోబరు 31న సీసీఐ తేల్చి, రెండు సంఘాలకూ జరిమానా వేసింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు కాబట్టి సీసీఐ చెప్పిందే ఆఖరి మాట అనుకోనక్కర్లేదు.

మనకు పనికొచ్చేది ఇంకో సంగతి. సంచి నేసే మిల్లు రాజాంలో ఉంది. పంచదార తీసే ఫ్యాక్టరీ పక్కనే, రేగిడి ఆమదాలవలస మండలం సంకిలిలో ఉంది. ఢిల్లీలో సీసీఐ ముందుకెళ్లిన వ్యాజ్యంలో ఇరుపక్షాల సరుకూ మన దగ్గరిదే. చెరువులో దిగి నార ఒలిచినవాడు మాత్రం ఏ పక్షంలోనూ లేడు. సంచి ధర కోల్‌కతాలో ఎవరు కట్టారన్నది విచారణకొచ్చింది. నార ధర రాజాంలో ఎవరు కట్టారని ఎవరూ అడగలేదు.

ఇరవై ఏళ్ల ఖాళీ

రణస్థలం మండలం బంటుపల్లిలోని జీఎంఆర్ బీరు ఫ్యాక్టరీ విజయ్ మాల్యా యూబీ గ్రూపు చేతికి వెళ్లింది. వైశ్యా బ్యాంకులో జీఎంఆర్ వాటా 2002లో డచ్చి సంస్థ ఐఎన్‌జీకి వెళ్లి అది ఐఎన్‌జీ వైశ్యా అయింది. 2010లో పంచదార కంపెనీ జీఎంఆర్ ఇండస్ట్రీస్‌లో 65 శాతం వాటాను చెన్నై మురుగప్ప గ్రూపుకు చెందిన ఈఐడీ ప్యారీ కొంది. సంకిలి ఫ్యాక్టరీ అలా చేతులు మారింది. ఈ మూడు అమ్మకాల్లో ఒక్కటైనా ‘దీనివల్ల మార్కెట్లో పోటీ తగ్గుతుందా?’ అన్న ప్రశ్న ఎదుర్కోలేదు. అడగడానికి అధికారం ఉన్నవాళ్లే లేరు.

గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టంలో విలీనాలకు ముందస్తు అనుమతి ఉండేది. 1991 సంస్కరణల్లో దాన్ని తీసేశారు. కొత్త పోటీ చట్టం 2002లో వచ్చినా కోర్టు కేసులూ సవరణలూ దాటుకుని, కుమ్మక్కు, ఆధిపత్య దుర్వినియోగం మీద నిబంధనలు 2009 మే 20న అమల్లోకి వచ్చాయి. విలీనాల నిబంధనలైతే 2011 జూన్ 1 దాకా రాలేదు. దాదాపు ఇరవై ఏళ్లు. దేశంలో కంపెనీలు కంపెనీల్ని జోరుగా కొనుక్కున్న కాలమంతా అందులోనే పడింది. యూబీ సంస్థ ఊరూరా బీరు ఫ్యాక్టరీలు కొనుక్కుంటూ పెరిగిందీ ఎక్కువగా ఈ ఖాళీలోనే.

తర్వాత ఏమైందో చూడండి. 2018 అక్టోబరులో సీసీఐ అధికారులు బీరు కంపెనీల కార్యాలయాల్లో సోదాలు చేశారు. 2021 సెప్టెంబరు 24న తీర్పు వచ్చింది. యూబీకి, అంటే యునైటెడ్ బ్రూవరీస్‌కు, దాదాపు 752 కోట్లు, కార్ల్స్‌బర్గ్‌కు 120 కోట్ల పైచిలుకు జరిమానా. ముందుగా వచ్చి గుట్టు విప్పిన ఏబీ ఇన్‌బెవ్‌కు పూర్తి మినహాయింపు. ధరలు కూడబలుక్కున్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మన దగ్గర బీరు కొనేది ప్రభుత్వ కార్పొరేషనే. కంపెనీలు దానికి ధర కోట్ చేయాలి. ఆ కోట్ చేసే ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే, అవతల ప్రభుత్వమే కొనుగోలుదారైనా చేయగలిగిందేమీ ఉండదు. అప్పీలు ట్రైబ్యునల్ 2022 డిసెంబరులో సీసీఐని సమర్థించింది, వ్యవహారం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. కంపెనీలు నాలుగైదుకు కుదించుకుపోయాక కుమ్మక్కును వెతికి పట్టుకోవడం కన్నా, కుదించుకుపోతున్నప్పుడే ఒక ప్రశ్న వేయడం చవక కదా అనిపిస్తుంది.

బ్యాంకు కథ పొట్టిది. ఐఎన్‌జీ వైశ్యా 2015 ఏప్రిల్ 1న కోటక్ మహీంద్రాలో కలిసింది. అప్పటికి చట్టం ఉంది, సీసీఐ చూసింది, సరేనంది.

రన్‌వే మీద చట్టం

విమానాశ్రయాల దగ్గరకొచ్చేసరికి చట్టానికి పళ్లొచ్చాయి. 2019 మార్చిలో టాటా, సింగపూర్ ప్రభుత్వ నిధి జీఐసీ, ఎస్‌ఎస్‌జీ క్యాపిటల్ కలిసి జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌లో 8,000 కోట్ల రూపాయల పెట్టుబడికి ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికి టాటాలకు విస్తారా, ఎయిర్‌ఏషియా ఇండియాల్లో వాటాలున్నాయి. విమానాలు నడిపే గ్రూపే ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాల్లోనూ వాటాదారైతే, మంచి వేళల స్లాట్లు, పార్కింగ్ చోట్లు, కౌంటర్ల విషయంలో మిగతా ఎయిర్‌లైన్స్‌కు న్యాయం జరుగుతుందా? సీసీఐని ఆపిన ప్రశ్న ఇదే. 2019 అక్టోబరులో కొన్ని మార్పులకు లోబడి ఆమోదం ఇచ్చింది.

సీసీఐ గడప దాటినా ఒప్పందం ఒడ్డెక్కలేదు. ఎయిర్‌లైన్ ఉన్న గ్రూపుకు ఈ విమానాశ్రయాల్లో 10 శాతానికి మించి వాటా ఉండకూడదన్న షరతు అడ్డొచ్చింది. 2020 జనవరిలో ఒప్పందాన్ని తిరగరాశారు. ఫిబ్రవరికల్లా టాటాల స్థానంలో పారిస్ విమానాశ్రయాల సంస్థ గ్రూప్ ఏడీపీ వచ్చి, 49 శాతానికి 10,780 కోట్లు ఇస్తానంది. కొవిడ్ దెబ్బకు ఆ అంకె తర్వాత కాస్త దిగింది.

ఇప్పుడు రాజాం జనానికి విమానాశ్రయం విజయనగరం జిల్లా భోగాపురంలోనే రాబోతోంది, కడుతున్నదీ జీఎంఆరే. విశాఖలో నౌకాదళం రన్‌వేని వాడుకుంటున్న పౌర విమానాలు ఇక్కడికి మారతాయి. ఒక ప్రాంతానికి ఒకే విమానాశ్రయం ఉన్నప్పుడు పోటీ చట్టానికి పెద్దగా పని ఉండదు. ఛార్జీలు ఖాయం చేసేది ఏఈఆర్‌ఏ అనే నియంత్రణ సంస్థ.

2024 తర్వాత మారినవి

పోటీ చట్టాన్ని 2023లో గట్టిగానే సవరించారు. విలీనాల భాగం 2024 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆస్తులు, టర్నోవరు చూసేవారు. టర్నోవరు లేని కంపెనీని వేల కోట్లకు కొన్నా లెక్కలోకి వచ్చేది కాదు. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు చాలా దేశాలకు తలనొప్పి ఇదే. జర్మనీ, ఆస్ట్రియా 2017లోనే ఒప్పందం విలువను కొలమానం చేశాయి. మన దగ్గర ఇప్పుడు ఒప్పందం విలువ 2,000 కోట్లు దాటి, ఆ కంపెనీకి భారత్‌లో చెప్పుకోదగ్గ కార్యకలాపాలుంటే సీసీఐకి చెప్పి తీరాలి. విచారణ గడువు 210 రోజుల నుంచి 150కి తగ్గింది. కుమ్మక్కు, ఆధిపత్య దుర్వినియోగం కేసుల్లో జరిమానాను కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవరు మీద లెక్కగట్టొచ్చు. 2,000 కోట్లంటే రాజాం మార్కెట్లో ఎవరికీ పట్టే మాట కాదనుకోండి. కానీ మందుల కంపెనీలు, స్టార్టప్‌లు ఉన్న హైదరాబాద్‌కు బాగానే పడుతుంది.

ఇంకో పెద్ద మలుపు గాజు సీసాల దగ్గర వచ్చింది. బీరు వదిలినా సీసా వదల్లేదన్నమాట. సీసాల తయారీలో దేశంలో పెద్దదైన హిందుస్థాన్ నేషనల్ గ్లాస్ దివాలా తీసింది. దాని ప్లాంట్లలో ఒకటి మన నాయుడుపేటలో ఉంది. కొనడానికి ముందుకొచ్చింది, సనత్‌నగర్, భువనగిరిల్లో కొలుములున్న ఏజీఐ గ్రీన్‌ప్యాక్. మొదటి స్థానంలో ఉన్నదాన్ని రెండో స్థానంలో ఉన్నది కొంటుంటే సీసీఐ ఊరుకోదుగా. 2023 మార్చిలో, రిషీకేశ్ ప్లాంటు అమ్మేయాలన్న షరతుతో ఒప్పుకుంది. అయితే అప్పులిచ్చిన బ్యాంకుల కమిటీ అంతకు ముందే, 2022 అక్టోబరులోనే, ఏజీఐ ప్రణాళికకు ఓటేసేసింది. దివాలా చట్టం సీసీఐ ఆమోదం ‘ముందుగా’ ఉండాలంది. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు 2-1తో ఏజీఐ ప్రణాళికను కొట్టేసింది. ఓటుకు ముందే అనుమతి ఉండాలని జస్టిస్ హృషీకేశ్ రాయ్, జస్టిస్ సుధాంశు ధూలియా అన్నారు. విభేదించింది మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. అనుమతి తప్పనిసరే గానీ ఓటుకు ముందే ఉండాలన్న పట్టు అక్కర్లేదన్నది ఆయన వాదన. ఆ ఏడాది ఆగస్టులో లోక్‌సభ ముందుకొచ్చిన దివాలా చట్ట సవరణ బిల్లు ఆయన వైపే మొగ్గింది. కమిటీ ఓటు తర్వాతైనా సరే, ప్రణాళిక దివాలా ట్రైబ్యునల్‌కు వెళ్లేలోగా సీసీఐ ఆమోదం ఉంటే చాలంది. ఆచరణలో అదే నయమని నాకూ అనిపిస్తుంది. నలుగురు పోటీదారులుంటే నలుగురూ లక్షల ఫీజు కట్టి సీసీఐ దగ్గర బారులు తీరడం దేనికి?

రేవుల సంగతి

సీసీఐ 2011 నుంచి వెయ్యికి పైగా ఒప్పందాలు చూసింది. షరతులు పెట్టినవి ఉన్నాయి గానీ పూర్తిగా వద్దన్నది లేదు. ఆ ఉదారత ఎక్కడికి దారి తీస్తుందో తెలుసుకోవాలంటే మన తీరం వెంట చూడాలి. అదానీ పోర్ట్స్ 2020లో కృష్ణపట్నం రేవులో 75 శాతం కొంది, మరుసటి ఏడాది మిగతాదీ కొంది. 2021లోనే గంగవరంలో వార్‌బర్గ్ పింకస్ వాటా 31.5 శాతం తీసుకుంది, డీవీఎస్ రాజు కుటుంబం వాటా 58.1 శాతానికి ఒప్పందం కుదుర్చుకుంది. రాష్ట్ర ప్రభుత్వం తన 10.4 శాతాన్ని దాదాపు 645 కోట్లకు ఇచ్చేసింది. అటు ఒడిశాలో ధామ్రా ఎప్పటి నుంచో వాళ్లదే, 2024లో గోపాల్‌పూర్ ఒప్పందమూ అయింది. ఇటు తమిళనాడులో కాట్టుపల్లి. ఒక్కో రేవునూ విడిగా చూస్తే పక్కన విశాఖ, పారాదీప్ వంటి ప్రభుత్వ రేవులున్నాయి, పోటీకి లోటు లేదనొచ్చు. అన్నిటినీ వరసగా పెట్టి చూస్తే ధామ్రా నుంచి కాట్టుపల్లి దాకా ఒకే పేరు కనిపిస్తుంది. గరివిడి నుంచి ఫెర్రో అల్లాయ్స్ పంపేవాడికి, టెక్కలి నుంచి గ్రానైట్ పంపేవాడికి రేపు మూలపేట రేవు పూర్తయితే ఇంకో దారి దొరుకుతుంది. తీరం మీద కొత్త పోటీ సీసీఐ ఉత్తర్వులతో రావడం లేదు, కొత్త రేవుతో వస్తోంది.

సంకిలి దారిలో

ఇక చెరకు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో చెరకు రైతుకు ఆమదాలవలసలో సహకార ఫ్యాక్టరీ ఉండేది. విజయనగరం వైపు భీమసింగిలో మరో సహకార ఫ్యాక్టరీ, బొబ్బిలి దగ్గర లచ్చయ్యపేటలో ఎన్‌సీఎస్ ఉండేవి. ఆమదాలవలస ఎప్పుడో మూతపడింది. భీమసింగి ఆగింది. లచ్చయ్యపేటలో బకాయిల కోసం రైతులు రోడ్డెక్కారు, తర్వాత అదీ ఆగింది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల రైతుకు మిగిలింది సంకిలి.

ఇక్కడ ఎవరూ ఎవరినీ కొనలేదు. విలీనం లేదు, నోటీసు లేదు. ఒక్కో ఫ్యాక్టరీ చచ్చిపోతూ వచ్చి, కొనేవాడు ఒక్కడే మిగిలాడు. ఒకవేళ బతికుండగా వీటిలో ఒకదాన్ని ఇంకొకరు కొన్నా సీసీఐ దాకా వెళ్లేదే కాదు. అమ్ముడుపోయే కంపెనీ ఆస్తులు 450 కోట్లు మించకపోయినా, టర్నోవరు 1,250 కోట్లు మించకపోయినా మినహాయింపు ఉంటుంది, ఒప్పందం విలువ 2,000 కోట్లు దాటితే తప్ప. చట్టం కోట్లు లెక్కపెడుతుంది. చెరకు రైతు కిలోమీటర్లు లెక్కపెడతాడు. కోసిన చెరకు రెండు రోజులు ఎండలో ఉంటే బరువు తగ్గుతుంది, రసం పడిపోతుంది. వంద కిలోమీటర్ల అవతల మంచి ధర ఇచ్చే ఫ్యాక్టరీ ఉన్నా అది అతని మార్కెట్ కాదు. నిజానికి ఈ ఊహ చట్టంలోనే ఉంది. మార్కెట్ హద్దులు గీసేటప్పుడు రవాణా ఖర్చు చూడాలని 19వ సెక్షను చెబుతుంది. గడప మాత్రం కోట్ల ఎత్తున కట్టారు.

ధర ప్రభుత్వమే కడుతుంది కదా అనొచ్చు. 2025-26కి 10.25 శాతం రికవరీ మీద క్వింటాకు 355 రూపాయలు. రికవరీ 9.5 కన్నా తక్కువైతే 329 రూపాయల 5 పైసలు. ఏ ఊరి చెరకు ఏ ఫ్యాక్టరీకి అన్నది 1961 నాటి రాష్ట్ర చట్టం కింద జోన్లుగా విడదీస్తారు. కానీ కటింగ్ ఆర్డరు ఎప్పుడొస్తుంది, లారీ ఎన్ని గంటలు కాటా దగ్గర నిలబడాలి, కిరాయి ఎవరు పెట్టుకోవాలి, డబ్బు ఎన్ని వారాలకు పడుతుంది అన్నవి ధరలో రాని ధరలు. రెండు ఫ్యాక్టరీలున్నప్పుడు రైతు వీటి మీద బేరమాడగలడు. సంకిలిలో తప్పు జరుగుతోందని అనడం లేదు. తప్పు జరిగితే రైతు ఇంకో గుమ్మం తొక్కే వీలు లేదంటున్నాను. అంతే.

పెద్దగా ఉండడం నేరం కాదు, పెద్దరికాన్ని దుర్వినియోగం చేస్తేనే నేరం. అమ్మే ధరే కాదు, కొనే ధరా, కొనే షరతులూ అన్యాయంగా ఉన్నా 4వ సెక్షను కిందికే వస్తాయి. ఈ సగం సంగతి ఊళ్లలో ఎవరికీ తెలియదు. సీసీఐకి ఫిర్యాదు చేయడానికి నష్టపోయినవాడే అయి ఉండాలన్న నియమం లేదు. వ్యక్తులకూ సహకార సంఘాలకూ రుసుము 5,000 రూపాయలు. 2023 సవరణతో కొత్తగా వచ్చిన చిక్కు ఒకటుంది: జరిగిన మూడేళ్లలోపు వెళ్లాలి, ఆలస్యానికి తగిన కారణం చూపితేనే ఆ పైన వింటారు.