నీలి బట్టపై బియ్యపు గింజలు

ముదురు నీలం బట్ట. దానిమీద బియ్యపు గింజలు వరసగా పేర్చినట్టు తెల్లటి కుట్లు. దూరం నుంచి చూస్తే ముగ్గేసినట్టే ఉంటుంది. జపాన్ వాళ్ల 'సషికో' కుట్టు ఇది. ఇప్పుడంటే దిండు గలీబులకీ చేతిసంచులకీ అందం కోసం కుడుతున్నారుగానీ, ఇది పుట్టింది మాత్రం చలికి తట్టుకోలేక!

జపాన్ ఉత్తరాన ఉన్న తొహోకులో మంచు విపరీతం. అక్కడ పత్తి పండదు. పైగా 1724లో త్సుగరు పాలకులు రైతులు నూలుబట్టలు కట్టకూడదని ఆంక్ష పెట్టారు. ఇక మిగిలింది నారబట్టే. దాని నేతలో సందులెక్కువ. చలిగాలి సూటిగా ఒంటికి తగిలేది. ఆడవాళ్లు ఊరుకుంటారా? మొదట నారదారంతో, తర్వాత దొరికిన కాస్త నూలుదారంతో ఆ సందులన్నీ పూడ్చేశారు. 'కోగిన్' అనే ఆ కుట్టుతో బట్ట వెచ్చనైంది, గట్టిపడింది కూడా. మిగతాచోట్ల పాతబట్టల్నే రెండుమూడు పొరలుగా పరిచి కుట్టుకునేవారు, అచ్చం మన బొంతలాగే. ఎడో నగరంలో మంటలార్పేవాళ్లయితే అలా కుట్టిన దళసరి కోటును నీళ్లతో తడుపుకుని మరీ మంటల్లోకి దూకేవారు.

కుట్టు మనకు తెలిసిన రన్నింగ్ స్టిచ్చే. కుట్టే తీరే వేరు. పొడవాటి సూదిని కదలకుండా పట్టుకుని, బట్టనే కుచ్చిళ్లలా దానికి ఎక్కిస్తారు. ఏడెనిమిది కుట్లు పడ్డాక ఒక్కసారే లాగుతారు. అసలు పని అప్పుడే మొదలు. కుట్టిన వరసను వేళ్లతో సాగదీసి ముడతలు పోయేలా సర్దాలి. ఇది మరిచారో... ఎంత కుట్టినా బట్ట ముడుచుకునే ఉంటుంది. పైకి కనిపించే కుట్టు మూడు పాళ్లుంటే అడుగున రెండు పాళ్లుండాలి. మలుపులో కుట్టు సరిగ్గా మూలమీదే పడాలి. అక్కడ వెనకవైపు దారాన్ని కాస్త వదులుగా వదలాలి. గీతలు కలిసేచోట దారాలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా మధ్యలో ఖాళీ ఉంచుతారు. ముడులు వేయరు. మొదట్లో, చివర్లో రెండుమూడు కుట్లు వెనక్కి కుడితే చాలు.

డిజైన్లలో అలలు, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే వలయాలు... ఇలా ఎన్నో. నారమొక్క ఆకును పోలిన 'అసనోహా' వాటిలో బాగా పేరున్నది. ఆ మొక్క త్వరగా, నిటారుగా ఎదుగుతుంది. బిడ్డలూ అలాగే ఎదగాలని పసివాళ్ల దుస్తులమీద దాన్ని కుట్టేవారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాని జోలికి ఇప్పుడే వెళ్లకపోవడం మంచిది. చాక్‌పీసుతో గళ్లు గీసుకుని నిలువు, అడ్డ గీతలతో మొదలుపెట్టండి.

టీవీలో జూడో పోటీలు చూసేవాళ్లు ఆటగాళ్ల కోటును ఈసారి పరిశీలించండి. దానిమీద కనిపించే గింజల నేత సషికోను చూసి వచ్చిందే. అక్కడ సూది పని మగ్గం చేసేస్తోంది!