అంబు తోకనున్న ఈక

ఎడతెగక ఒకదానివెంట నొకటి వచ్చువానిని తెలుగువారు 'పుంఖానుపుంఖములు' అందురు. ఉత్తరములు పుంఖానుపుంఖములుగ వచ్చుననియు, మాటలు పుంఖానుపుంఖములుగ దొరలుననియు వాడుక కలదు. ఈ మాట విలుకాని అమ్ములపొదిలో పుట్టినది. పుంఖమనగా బాణముయొక్క తోకభాగము. ఈకలు కట్టి, నారికి తగిలించు గాడి తీర్చినచోటు. అచ్చతెనుగున దానిని 'పింజ' యందురు. ముందు పోవుచున్న బాణపు పింజను తాకునా యన్నంత చేరువగ వెనుకటి బాణము పోవుటయే పుంఖానుపుంఖము. బాణమనగానే చూచువారి కన్ను వాడియైన మొనమీద నిలుచును. మొన గాయము మాత్రమే చేయును. ఆ మొనను గురికి చేర్చు భారము పింజది.

ఈ సంగతిని చక్కగ నెఱిగినవారు ఓరుగల్లు సీమలోని అడవిజనులు. వరంగల్లునకు ఈశాన్యముగ గోదావరి వరకు వ్యాపించిన తాడ్వాయి, ఏటూరునాగారము అడవులు కోయల నివాసములు. 2016 వరకు ఇవి వరంగల్లు జిల్లాలోనివి. 2019 నుండి ములుగు జిల్లాలోనివి. ఇచ్చటి మేడారమున రెండేండ్ల కొకసారి, మాఘమాసమున, సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. కాకతీయ ప్రభువైన ప్రతాపరుద్రుడు కప్పము కోరగా కరవుచే చితికియున్న కోయలు ఇయ్యలేకపోయిరనియు, దండు వచ్చిపడగా పగిడిద్దరాజును, సమ్మక్కయు, వారి బిడ్డలును ఎదిరించి పోరిరనియు, కుమారుడు జంపన్న సంపెంగవాగున ప్రాణము విడువగా దానికి జంపన్నవాగను పేరు కలిగెననియు వారి కథనము. ఓరుగల్లు ప్రభువునకు రాతికోటయు, గజబలమును, అశ్వబలమును ఉండెను. అడవివారికి ఉన్నవి స్వహస్తములతో చేసికొన్న విల్లంబులు. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడపిన మన్యపు పోరాటమున ఆయన వెంట నడచిన గిరిజనుల చేతులలోను విల్లంబులుండెను. యుద్ధముల మాట అటుండగా, నిత్యము వేటయే ఆధారమైన కాలమున వంకరగ పోయిన ఒక్క అంబునకు వెల, ఆ రాత్రి ఇంటిల్లిపాదికిని పస్తు.

ఈ అడవులలో విల్లు వెదురుబద్దతో చేయుదురు. దాని నారియు వెదురే. పైపొరనుండి చీల్చి సన్నగ చివ్విన పేడు. దీనిని చూచి మోటుపని యని తలచుట పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారమును గూర్చి చెప్పినచోట, నారికి తగినవిగ మూర్వ, జిల్లేడు, జనుము, నరములు మొదలగువానితోపాటు వెదురును చెప్పబడినది. బాణపు మొనలు కోయునవి, చీల్చునవి, మోదునవి యని మూడు తెఱగులనియు, ఇనుముతోను ఎముకతోను కఱ్ఱతోను వానిని చేయవచ్చుననియు అందే కలదు. మోదు మొనకు వాడి యుండదు. అది పిట్టను చీల్చక పడగొట్టును.

అంబునకు కోల ముఖ్యము. సంస్కృతమున 'శరము' అను పదమునకు రెల్లుజాతి గడ్డి యనియు, బాణమనియు రెండర్థములు. రెల్లుపొదలలో పుట్టిన కుమారస్వామిని శరవణభవుడని పిలుచుట విద్యార్థు లెఱుగుదురు. మొదట ఆ గడ్డికాడయే బాణమై, పిదప దాని పేరే బాణమునకు స్థిరపడినది. సన్నని వెదురుకోల కూడ ఈ పనికి తగినదే. పచ్చి వెదురు ఎండినకొలది వంకర తిరుగును. కావున దానిని కోసి, నీడయందు బాగుగ ఆరనిచ్చి, అటుపైన బొగ్గుల సెగకు కాచి, వేడిగ నున్నప్పుడే వంపునకు ఎదురుగ బొటనవ్రేలితో నొక్కి, చల్లారువరకు అట్లే పట్టియుందురు. ఒక కంటితో కోల పొడవునను చూచి, మరల కాచి, మరల నొక్కుదురు. ఓపికలేనివానికి ఈ పని పనికిరాదు. నారి గాడిని కణుపునకు కొంచెము పైగ తీయుట మేలు. గాడి చీలినను చీలిక కణుపువద్ద ఆగును. దానిక్రింద దారముతో బిగువుగ చుట్టుట మఱియొక కట్టుబాటు.

ఇంక ఈకల మాట. ఒక చీపురుపుల్లను తీసికొని విసరినచో అది గాలిలో పల్టీలు కొట్టుచు ఎచ్చటనో పడును. దాని యొక కొనకు జిగటమట్టి ముద్దను అంటించి, రెండవ కొనను చీల్చి చిన్న కాగితపు ముక్కను దూర్చి, మట్టికొన ముందుండునట్లు విసరిన తిన్నగ పోవును. మట్టివలన బరువు ముందునకు చేరినది. కాగితమువలన గాలి యడ్డు వెనుకకు చేరినది. పుల్ల పక్కకు తిరుగబోయినంతనే గాలి ఆ కాగితమును నెట్టి, తోకను మరల దారికి తెచ్చును. అంబునందు ఇనుపమొనయు ఈకలును చేయు పని ఇదియే. గాలిపటమునకు తోక కట్టని బాలుడు దీనిని మఱియొక విధముగ తెలిసికొనును.

ఈకను నడిమి ఈనె వెంబడి నిలువుగ చీల్చి, ఈనెను పలుచగ చివ్వి, నాలుగైదు అంగుళముల పొడవునకు కత్తిరింతురు. మూడు ఈకలను సమానమైన ఎడముతో కోలచుట్టు జిగురుపెట్టి అంటించి, రెండు కొనలను దారముతో కట్టుదురు. అందొకటి నారి గాడికి లంబముగ నిలువవలయును. ఎక్కుపెట్టినప్పుడు అది విల్లునకు దూరముగ వెలుపలివైపున నుండును. తక్కిన రెండును వింటిబద్దను అంతగ రాచుకొనక దాటిపోవును. ఒక అంబునకు కట్టు ఈక లన్నియు ఎడమరెక్కవో కుడిరెక్కవో కావలయును గాని, రెంటిని కలుపరాదు. రెండు రెక్కల ఈకలకు వంపులు వేఱు. కలిపినచో ఒకటి అంబును ఇటు త్రిప్పజూచును, మఱియొకటి అటు. ఒకే రెక్క ఈకలైనచో అంబు బొంగరమువలె తన చుట్టు తాను తిరుగుచు పోవును. తిరుగునది సులభముగ దారి తప్పదు. ఈక ఎంత పెద్దదైన అంత మంచిదని భ్రమపడరాదు. పెద్ద ఈక అంబును త్వరగ సరిదిద్దును, కాని గాలి కడ్డై వేగమును మ్రింగును. పొదచాటునుండి దగ్గఱ గురిని కొట్టువానికి పెద్దది చెల్లును. దూరము కొట్టువానికి చెల్లదు.

పూర్వులు ఏ పక్షుల ఈకలను కోరిరో బాణముల పేర్లే చెప్పును. మహాభారతమున గ్రద్దజాతి పక్షుల ఈకలు కట్టినవియు, కంకపక్షి ఈకలు కట్టినవియు, నెమలి ఈకలు కట్టినవియు బాణములు కనబడును. నెమలి 1963లో మన జాతీయపక్షి యైనది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే దానిని వేటాడుట నేరము. రాబందుల గతి మఱింత శోచనీయము. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు, ఆ పశువుల కళేబరములను తిన్న రాబందుల మూత్రపిండములను చెరుపగా, 1990ల నుండి అవి దేశమంతట నూటికి తొంబదికి పైగా నశించినవి. 2006లో ఆ మందును పశువులకు వాడుట నిషేధింపబడినది. నేడు అంబు కట్టువారికి బాతు ఈకలును టర్కీకోడి ఈకలును శరణ్యములు. పెద్దపోటీలలో ఈకలకు మారుగ ప్లాస్టిక్ రేకులు వచ్చినవి. 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో విజయవాడకు చెందిన జ్యోతి సురేఖ మూడు స్వర్ణపతకములు గెలిచిన తరగతి పోటీలలో కోల కార్బన్ గొట్టము, పింజ ప్లాస్టిక్. అయినను తోకన రేకులుండుట మానలేదు.

ఈకలు చక్కగ నున్నను కొన్ని అంబులు దారి తప్పును. సాదా వింటియందు అంబు బద్దకు ఒక ప్రక్కన నానియుండును. నారి మాత్రము బద్ద నడుమకు పరుగెత్తును. ఆ తోపునకు కోల వంగి, పామువలె మెలిక తిరుగుచు బద్దను చుట్టి దాటి, పిదప తిన్ననగును. 1930లలో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ హిక్‌మన్ అతివేగముగ ఛాయాచిత్రములు తీయు యంత్రముతో ఈ మెలికను కంటికి కనబఱచెను. కోల మిక్కిలి బిఱుసైనచో చాలినంత వంగదు. మిక్కిలి మెత్తనైనచో మితిమీఱి వంగును. కావున విల్లెట్టిదో కోలయు అట్టిదే కావలయును. దీనిని పరీక్షించుటకు ఈకలు కట్టిన అంబులతోపాటు ఈకలు లేని అంబు నొకదానిని దగ్గఱనున్న గడ్డిదిబ్బపైకి వేయుదురు. అన్నియు ఒకచోట గ్రుచ్చుకొన్నచో కోల వింటికి తగినది. కుడిచేత నారి లాగువాని యొట్టి అంబు ఎడమకు పోయినచో కోల బిఱుసు. దానికి బరువైన మొనను తొడుగవలయును. కుడికి పోయినచో మెత్తన. మొన బరువును తగ్గింపవలయును, లేదా కోలను కొంచెము కుఱుచ చేయవలయును. కోయుటలో మాత్రము తొందర తగదు. ఒక మాఱు కోసిన కోల మరల పెరుగదు గనుక, గోరంత కోసి, మరల వేసి చూతురు.