పసిబిడ్డ స్నానపీఠం: పట్టు ఎంత, భ్రమ ఎంత?

సింగపూరు వాణిజ్యానికి గుండెకాయ వంటి రాఫెల్స్ ప్లేస్ ఒకప్పుడు చిన్న గుట్ట. 1822 ప్రాంతంలో ఆ గుట్టను చదును చేసి, ఆ మట్టితో సమీపంలోని నదీతీరపు చిత్తడినేలను పూడ్చారు. అలా ఏర్పడిన కమర్షియల్ స్క్వేర్‌కు 1858లో రాఫెల్స్ ప్లేస్ అన్న పేరు వచ్చింది. పైన నిలిపేది ఎంత గట్టిదైనా కింది తలం అనుకూలించకపోతే అది నిలువదన్నది కట్టడాలు కట్టేవారి మొదటి పాఠం. నేడక్కడి ఆకాశహర్మ్యాలలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగు దంపతుల ఇళ్ళలో ఈ పాఠం అవసరమయ్యే చోటు మరొకటి ఉన్నది. అది స్నానపుతొట్టి. అందులో పసిబిడ్డను కూర్చోబెట్టడానికి వాడే ప్లాస్టిక్ పీఠం, అంటే బాత్ సీటు, ఎంతవరకు నమ్మదగినదో ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవడం అవసరం.

మన ఇళ్ళలో పసిబిడ్డకు లాల పోసే పద్ధతి వేరు. అమ్మమ్మో నాయనమ్మో పీటపై కూర్చుని, కాళ్ళు చాపుకొని, బిడ్డను కాళ్ళపై వేసుకొని, నూనె రాసి, సున్నిపిండితో నలుగుపెట్టి, చెంబుతో గోరువెచ్చని నీళ్ళు పోస్తుంది. ఇందులో రెండు రక్షణలు ఇమిడి ఉన్నాయి. పోసిన నీరు నిలువక జారిపోతుంది. బిడ్డపైనుండి చేయి తొలగదు. తొట్టిస్నానంలో ఈ రెండూ తారుమారవుతాయి. నీరు నిలిచి ఉంటుంది. పీఠం ఉన్నదన్న ధైర్యంతో చేయి తొలగుతుంది.

సాధారణంగా ఈ పీఠాల అడుగున రబ్బరువంటి మెత్తని పదార్థంతో చేసిన సక్షన్ కప్పులు ఉంటాయి. వీటిని నొక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోతుంది. వదలినప్పుడు కప్పు తన పూర్వాకారానికి రాబోతుంది కనుక లోపలి పీడనం తగ్గుతుంది. అప్పుడు బయటి వాతావరణ పీడనం కప్పును నేలకు అదిమిపెడుతుంది. ఈ పీడనం ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో బరువుతో సమానం. 5 సెంటీమీటర్ల వ్యాసం గల కప్పు, లోపల సంపూర్ణ శూన్యం ఏర్పడితే, దాదాపు 20 కిలోల లాగుడును తట్టుకోవాలి. ఆచరణలో సంపూర్ణ శూన్యం ఏర్పడదు. ఏర్పడిన పాటి పట్టు కూడా కప్పు అంచు నేలకు పూర్తిగా అతుక్కున్నంతకాలమే నిలుస్తుంది.

ఇక్కడే ఒక వైపరీత్యం ఉన్నది. పెద్దలు జారిపడకుండా కొన్ని తొట్టుల అడుగుభాగాన్ని గరుకుగా, చిన్న చిన్న గీతలతో తయారు చేస్తారు. పెద్దల పాదాలకు రక్షణనిచ్చే ఆ గరుకుదనమే కప్పులకు శత్రువు. ఆ గీతల సందులనుండి గాలీ నీరూ లోపలికి చొరబడి, పట్టు కొద్దికొద్దిగా సడలిపోతుంది. తొట్టిలో పరచే జారనివ్వని రబ్బరు చాపలపైన, అడుగు వంపు తిరిగిన ప్లాస్టిక్ తొట్లలోను ఇదే ఇబ్బంది. పైగా సక్షన్ కప్పు పైకి లాగినప్పుడు గట్టిగా నిలిచినా, పక్కకు నెట్టినప్పుడు ఘర్షణపైనే ఆధారపడుతుంది. సబ్బునీటి పొర ఆ ఘర్షణను హరిస్తుంది. ఏళ్ళు గడచిన కప్పు గట్టిపడి, అంచులు చిట్లి, పట్టు కోల్పోతుంది.

నీరు మరొక మార్పు కూడా తెస్తుంది. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం బిడ్డ శరీరం ఎన్ని లీటర్ల నీటిని తొలగిస్తే సుమారు అన్ని కిలోల మేరకు పీఠంపై భారం తగ్గుతుంది. నీరు లోతైనకొద్దీ పీఠాన్ని కిందికి అదిమే బరువు తగ్గుతుందన్నమాట. పసివారికి శరీరంతో పోల్చితే తల పెద్దది. గురుత్వకేంద్రం ఎత్తుగా ఉంటుంది. తేలియాడే బొమ్మ కోసం బిడ్డ పక్కకు వంగినప్పుడు ఆ కేంద్రం పీఠపు ఆధారతలాన్ని దాటితే బిడ్డతోసహా పీఠం ఒరిగిపోతుంది. పీఠంలో కాళ్ళు పెట్టే సందు వెడల్పైతే బిడ్డ కిందికి జారి అందులో ఇరుక్కునే ప్రమాదమూ ఉన్నది.

ఇవి ఊహలు కావు. 1997లో ‘పీడియాట్రిక్స్’ వైద్యపత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారం, 1983 నుండి 1995 వరకు అమెరికాలో ఇటువంటి పీఠాలతో ముడిపడిన 32 మునక మరణాలు నమోదయ్యాయి. అత్యధిక సందర్భాలలో పెద్దలు బిడ్డను వదలి పక్కకు వెళ్ళారు. 2010లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ పీఠం సులభంగా ఒరగకుండా, కాళ్ళ సందు ఇరుకుగా ఉండేలా కఠినమైన నిబంధనలు విధించింది. దానితో తొట్టి అంచును కొక్కెంలా పట్టుకొనే పీఠాలు మార్కెట్టులోకి వచ్చాయి. సింగపూరులో 2011 ఏప్రిల్ నుండి పిల్లల వస్తువులతోసహా సాధారణ వినియోగ వస్తువులకు భద్రతా నియమాలు అమలులోకి వచ్చాయి. అయితే బంధువులిచ్చిన పాత పీఠం ఏ నియమానికి ముందుదో ఇంటివారే చూసుకోవాలి.

పీఠం వాడదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. తన అంతట తాను నిలకడగా కూర్చోగలిగే వరకు బిడ్డకు పీఠం తగదు. దేనినైనా పట్టుకొని లేచి నిలబడడం ఆరంభించిన రోజే దాని పని ముగిసినట్టు. తొట్టి అడుగున సబ్బు జిడ్డు లేకుండా కడిగి, తడిపి, ప్రతి కప్పునూ గట్టిగా నొక్కి, బిడ్డను కూర్చోబెట్టక ముందే పీఠాన్ని పైకీ పక్కలకూ లాగి చూడాలి. ఒక్క కప్పు ఊడినా ఆ రోజుకు పీఠం పక్కన పెట్టాలి. నీటిని ముందే నింపి, వేడిని మోచేతితో పరీక్షించి, లోతు 5 సెంటీమీటర్లకు మించకుండా చూడాలి. బిడ్డ తొట్టిలో ఉండగా కుళాయి తిప్పరాదు. తువ్వాలు, సబ్బు, బట్టలు అన్నీ ముందుగానే చేతికి అందేలా ఉంచుకోవాలి.

ఇన్ని చేసినా పీఠం రక్షణ సాధనం కాదు, సౌకర్యం మాత్రమే. నీట మునిగే బిడ్డ కేక వేయదు, చేతులు ఆడించి పిలవదు. ముక్కు, నోరు మునిగేపాటి నీరు చాలు. కొద్ది నిమిషాలలోనే ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతింటుంది. అందుచేత ఫోను మోగినా, తలుపు తట్టినా బిడ్డను తువ్వాలులో చుట్టి ఎత్తుకొని వెళ్ళడమే సరైన పద్ధతి. పెద్ద పిల్లలను కాపలా ఉంచి వెళ్ళడం తగదు. తల్లిదండ్రులు ఆఫీసులో ఉన్న వేళ స్నానం చేయించే ఆయాకూ, ఊరినుండి వచ్చిన తాతమ్మలకూ ఈ నియమాన్ని స్పష్టంగా చెప్పాలి. అత్యవసర సమయంలో సింగపూరులో అంబులెన్సుకు 995 నంబరు. శ్వాస నిలిచిన శిశువుకు చేయవలసిన ప్రథమ చికిత్స ఇంటిలో ఒక్కరైనా నేర్చుకొని ఉండడం మేలు.

కప్పుల పట్టు గాలిపై, నేలపై, సబ్బుపై ఆధారపడినది. అవి మన అదుపులో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. బిడ్డకు చేయిచాపు దూరంలో కూర్చోవడం మాత్రం ఎప్పుడూ మన అదుపులోనే ఉంటుంది.