చేపల ప్రేరిత ప్రజననం

కాకతీయుల కాలం నుండి ఓరుగల్లు సీమకు చెరువులే జీవనాధారం. గణపతిదేవుని కాలంలో వెలసిన గణపురం చెరువు నేటి భూపాలపల్లి జిల్లాలో, ఆయన సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారం చెరువు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నాయి. మెట్టప్రాంతమైన జనగామలో చిన్న కుంటలు సైతం ఎన్నో కుటుంబాలను పోషిస్తున్నాయి. ఈ నీళ్ళలో మత్స్యకారులు ముఖ్యంగా పెంచేది బొచ్చె, రవ్వ, మోసు చేపలను. అయితే ఇవి చెరువులో ఎంత బలిసినా అక్కడ సంతానాన్ని మాత్రం కనవు.

అందుకు కారణం లేకపోలేదు. ఇవి ప్రవహించే నదులకు అలవాటుపడిన జాతులు. వానాకాలంలో వరద పొంగి పల్లపు నేలలను ముంచినప్పుడే అవి గుడ్లు పెడతాయి. క్రొత్త నీటి స్పర్శ, ప్రవాహవేగం చేప మెదడును మేల్కొల్పుతాయి. మెదడు పీయూషగ్రంథిని ప్రేరేపిస్తుంది. ఆ గ్రంథి స్రవించే హార్మోన్ల వల్ల గుడ్లు పూర్తిగా పక్వమై విడుదలవుతాయి. నిలవ నీటిలో ఈ ప్రేరణ అందదు. కడుపులోని గుడ్లు క్రమంగా శరీరంలోనే కరిగిపోతాయి.

పూర్వం చేపపిల్లలను నదులలో వలలు వేసి పట్టేవారు. వాటిలో తోటిపిల్లలను మ్రింగే జాతులు కూడ కలిసి వచ్చేవి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే నేడు జాతీయ మత్స్యరైతు దినోత్సవంగా జరుపుకొంటున్నారు. కాని ఆ గ్రంథి అతి సూక్ష్మమైనది. దానికోసం ఎన్నో చేపల తలలను చీల్చవలసి వచ్చేది. తరువాత కృత్రిమ హార్మోను మందులు వచ్చి ఆ శ్రమను తప్పించాయి. ఓవాప్రిమ్ వంటి మందులో మెదడు హార్మోనును పోలిన పదార్థంతోపాటు డోంపెరిడోన్ కూడ ఉంటుంది. మనుషులకు వాంతులు తగ్గించడానికి ఇచ్చే ఈ ఔషధమే చేపలో గుడ్ల విడుదలకు అడ్డుపడే డోపమైన్‌ను అణచివేస్తుంది.

ఆడచేపకు కిలో బరువుకు సుమారు 0.3 నుండి 0.5 మిల్లీలీటర్ల మందు, మగచేపకు అంతకంటె తక్కువ ఇస్తారు. సాయంకాలం సూది వేసి, నీరు సుడి తిరిగే గుండ్రని సిమెంటు తొట్టిలో వదులుతారు. తెల్లవారేసరికి గుడ్లు తేలియాడుతుంటాయి. పదునాలుగు నుండి పద్దెనిమిది గంటలలో అవి పొదుగుతాయి. మొదటి మూడు రోజులు పిల్లకు తన పొట్టకింది సొనసంచియే ఆహారం.

మందు వరదకు బదులు కాగలదే గాని, మంచి తల్లిచేపకు బదులు కాదు. నదిలో భిన్న కుటుంబాల చేపలు కలుస్తాయి. హేచరీలో ఏటేటా అవే చేపలను, వాటి సంతానాన్నే వాడితే రక్తసంబంధం పెరిగి పిల్లలు గిడసబారుతాయి. అందుకే తల్లిచేపలను మార్చుతూ ఉండాలి. ఇందుకు ఖర్చు ఎక్కువ. కనుక కొందరు దీనిని దాటవేస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2016లో మత్స్య సహకార సంఘాలకు ఉచితంగా చేపపిల్లలను పంపిణీ చేయడం ప్రారంభించినప్పుడు పిల్లల సంఖ్యతోపాటు వాటి పరిమాణానికీ ప్రాధాన్యం వచ్చింది. వేసవికి ఎండిపోయే కుంటలో చేప పెరగడానికి ఉండే గడువు కొన్ని నెలలే. పిల్ల ఆలస్యంగా చేరినా, బలహీనమైనదైనా ఆ గడువు చాలదు. పైగా వేలెడంత పిల్లను చూసి దాని వంశాన్ని ఎవరూ చెప్పలేరు. వేసవిలో వల లాగిన నాడే జాలరికి సంగతి తెలుస్తుంది.